ధర్మపురి సుబ్బరాయరు జావళులు: గ్రామఫోను, రేడియోల పాత్ర

దక్షిణదేశపు నాట్యసభలలో వర్ణము ముగిసి, పదము ముగిసి, తిల్లానా ఆరంభమగుటకు ముందు, నర్తకి యొక చిన్న తెలుగు పాటను అభినయించుట పరిపాటి. గతి కొంత త్వరితము. మాట కొంత చతురము. నాయిక చిఱునవ్వుతోనో, చిఱుకోపముతోనో నాయకుని నిలదీయును. అది జావళి. ఆ పాటలలో పెక్కింటియందు “ధర్మపురి” యను ముద్ర వినబడును. ఆ ముద్ర వేసిన వాగ్గేయకారుడు ధర్మపురి సుబ్బరాయరు. నేడు భరతనాట్యము నేర్పబడు ప్రతి ఖండమునందును ఆయన పాటలు వినబడుచున్నవి. అయినను ఆ ధర్మపురి యెక్కడిదో, ఆ పాటలు ఏ దారిని నేటివఱకు వచ్చినవో తెలిసిన శ్రోతలు కొలదిమందియే.

ముందుగా ఒక భ్రాంతిని తొలగింపవలసియున్నది. తెలుగువారికి ధర్మపురి యనగానే గోదావరీతీరమునందలి నరసింహక్షేత్రము స్ఫురించును. శేషప్పకవి నరసింహ శతకమున సంబోధించినది ఆ క్షేత్రస్వామినే. ఆ ధర్మపురి తెలంగాణములోనిది. జావళులలోని ధర్మపురి అది కాదు. తమిళనాడున, పూర్వపు సేలము జిల్లాలో ఉండిన ధర్మపురి. పేరొక్కటియే యగుటచే ఒక ఊరి కీర్తి మఱియొక ఊరికి చెందునట్లు తోచుచున్నది. శతకము పద్యముగా పుస్తకమున నిలిచెను. జావళి పాటగా గొంతున నిలిచెను. పుస్తకమున నిలిచినదానికి ఊరు పేరు వెంట నుండును. గొంతున నిలిచినదానికి ఊరు పేరు నిలుచునా, నిలువదా యనునది పాడువారిపైనను, పాడించువారిపైనను ఆధారపడును. సుబ్బరాయరు జావళుల చరిత్ర ఈ విషయమును స్పష్టముగా చూపుచున్నది.

ధర్మపురి సీమ

ధర్మపురి ప్రాచీననామము తగడూరు. సంగకాలపు తమిళకవులు కొనియాడిన అదియమాన్ నెడుమాన్ అంజి రాజధాని యదియే. అవ్వైయారను కవయిత్రిని ఆదరించిన దాతగా ఆ రాజు పేరు తమిళదేశమున నేటికిని ప్రసిద్ధము. తరువాతి కాలమున ఈ ప్రాంతమును నొళంబులు, చోళులు, హొయ్సళులు, విజయనగర రాజులు, మైసూరు ప్రభువులు వరుసగా ఏలిరి. 1792లో శ్రీరంగపట్టణపు సంధి ననుసరించి టిప్పు సుల్తాను బారామహలు సీమను ఈస్టిండియా కంపెనీకి వదలుకొనెను. కెప్టెన్ అలెగ్జాండర్ రీడు ఆ సీమను చక్కబెట్టుటకు నియమింపబడెను. ఆతని సహాయకులలో నొకడు, పిమ్మట దత్తమండలములలో తెలుగువారికి సుపరిచితుడైన థామస్ మన్రో. మన్రో 1799 వఱకు ఈ సీమలో పనిచేసి, ధర్మపురిలో నివసించి, అచటి తోటను తరువాతికాలమున ప్రేమతో స్మరించుకొనెను. 1965 అక్టోబరు 2న సేలము జిల్లానుండి వేఱై ధర్మపురి ప్రత్యేక జిల్లా యయ్యెను. 2004లో దానినుండి కృష్ణగిరి జిల్లా విడివడెను.

ఈ సీమ మైసూరు పీఠభూమినుండి తమిళ మైదానమునకు దిగు మెట్టువంటిది. తమిళము, కన్నడము, తెలుగు మూడును ఇచట ఇరుగుపొరుగు భాషలు. హొసూరు, కృష్ణగిరి ప్రాంతములలో తెలుగు మాతృభాషగా గలవారు తరతరములుగా నివసించుచున్నారు. అంతియేకాక, తంజావూరు నాయకరాజుల కాలమునుండియు దక్షిణదేశమంతటను తెలుగు సంగీతభాషగా చెల్లుబాటయ్యెను. ఇంటిలో తమిళము మాటలాడువారును పాట కట్టునపుడు తెలుగునే ఆశ్రయించుచుండిరి. కావున ధర్మపురివాసి యొకడు తెలుగున జావళులు రచించుట వింత కాదు. వింత యేమనగా, ఆ జావళులు ఊరువిడిచి, జిల్లావిడిచి, సముద్రములు దాటి పోయినను ఊరిపేరును వెంటగొని పోవుట.

జావళి స్వరూపము

జావళి యను పదము కన్నడమునందలి “జావడి” యను మాటకు సంబంధించినదని కొందఱు పండితుల యభిప్రాయము. తంజావూరు సోదరచతుష్టయములో పెద్దవాడైన చిన్నయ్య మైసూరు ఆస్థానమున ఉండి ఈ ప్రక్రియను పెంపొందించెనని సంగీత చరిత్రకారులు వ్రాసియున్నారు. పందొమ్మిదవ శతాబ్దిలో పట్టాభిరామయ్య, తిరుపతి విద్యల నారాయణస్వామి, పట్నం సుబ్రహ్మణ్యయ్యరు, రామనాథపురం శ్రీనివాసయ్యంగారు మొదలగువారు జావళులను రచించిరి.

పదమునకును జావళికిని శృంగారమే విషయమైనను, రెండింటి నడక వేఱు. పదునేడవ శతాబ్దికి చెందిన క్షేత్రయ్య పదము విలంబగతిలో సాగును. ఒక్కొక్క మాటను నర్తకి పలువిధముల విస్తరింపవలెను. జావళి మధ్యమగతిలోనో, త్వరితగతిలోనో నడచును. పదమునందు నాయిక బాధను లోలోన అనుభవించును. జావళియందు ఆమె మాటలాడును, ఎత్తిపొడుచును, నవ్వును. రాగములును అట్టివే. ఖమాసు, కాపి, బేహాగు, ఝంఝూటి, ఫరజు, యమునాకల్యాణి మొదలగు దేశ్యరాగములు జావళికి ప్రీతిపాత్రములు. ఉత్తరహిందూస్థానపు గాలి ఈ పాటలలో తేటగా వీచుచుండును. అందుచేతనే కొందఱు విద్వాంసులు జావళిని తేలిక రచనగా తలచిరి. అయితే తేలికగా వినబడుట వేఱు, తేలికగా రచింపబడుట వేఱు. నాలుగైదు చిన్న పాదములలో ఒక నాయిక స్వభావమును, ఒక తగవును, ఆ తగవులోని ప్రేమను ఇముడ్చుట సామాన్యమైన పని కాదు.

సుబ్బరాయరు, ధనమ్మాళు

సుబ్బరాయరు పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమునకు, ఇరువదవ శతాబ్ది ఆరంభమునకు చెందినవాడు. కాపిరాగమునందలి “పరులన్న మాట”, ఝంఝూటియందలి “సఖి ప్రాణ”, ఫరజునందలి “స్మరసుందరాంగుని”, యమునాకల్యాణియందలి “అది నీపై” మొదలగునవి ఆయన రచనలలో ప్రసిద్ధములు. కానడ, ముఖారి, ఖమాసు రాగములయందును ఆయన జావళులు గలవు. ముఖారివంటి కరుణప్రధానమైన రాగమును జావళికి తగినట్లు మలచుట ఆయన నేర్పునకు నిదర్శనము. దేశ్యరాగముల మెఱుగునకే ఆయన లోబడియుండలేదు.

ఈ జావళులకు చెన్నపట్టణమున ఆశ్రయమైనది వీణ ధనమ్మాళు ఇల్లు. 1867లో జన్మించిన ధనమ్మాళు జార్జిటౌనులో నివసించెను. శుక్రవారపు సాయంకాలములందు ఆమె యింట జరుగు వీణాగానమునకు నగరమునందలి విద్వాంసులు వచ్చి మౌనముగా కూర్చుండి వినుచుండిరి. బాలదాసు నాయుడను అంధ విద్వాంసునివద్ద ఆమె క్షేత్రయ్య పదములను నేర్చెను. సుబ్బరాయరు ఆ యింటికి ఆప్తుడు. ఆయన తన జావళులను ఆమెకు స్వయముగా వినిపించెనని ఆ కుటుంబ సంప్రదాయము చెప్పుచున్నది. ఆమె దారిద్ర్యమును, ఆతిథ్యమును, ఆయన కృతజ్ఞతను ముడివెట్టి సంగీతజ్ఞులు చెప్పుకొను కథలును గలవు. ఆ కథలలో నిజమెంతయైనను, ఒక విషయము నిస్సందేహము: సుబ్బరాయరు జావళులకు ప్రామాణికమైన పాఠము ఆ యింటిదే.

ఆ పాఠము ధనమ్మాళు కుమార్తెలకును, వారినుండి మనుమరాండ్రైన టి. బృంద, టి. ముక్త సోదరీమణులకును, నర్తకీమణి టి. బాలసరస్వతికిని సంక్రమించెను. బాలసరస్వతి నాట్యమునకు ఆమె తల్లి జయమ్మాళు పాడుచుండెను. ఒకే యింటిలో వీణయు, గాత్రమును, అభినయమును కలిసియుండుటచేత జావళియొక్క మాటయు, రాగమును, భావమును విడివడక నిలిచినవి.

గ్రామఫోను ప్లేటు

ఇంటిలో నిలిచిన పాట వీధిలోనికి వచ్చుటకు వేఱొక సాధనము కావలసివచ్చెను. 1902లో గ్రామఫోను కంపెనీవారి పక్షమున ఫ్రెడ్ గైస్బర్గు కలకత్తాకు వచ్చి భారతీయ గాయకుల పాటలను ముద్రించెను. కొలది సంవత్సరములలోనే ఆ యంత్రము చెన్నపట్టణమునకు చేరెను. ఆనాడు మైక్రోఫోను లేదు. గాయని ఒక పెద్ద కొమ్ముబూర యెదుట నిలిచి గట్టిగా పాడవలెను. ఆ నాదము మైనపు పలకపై గీతగా పడును. మొదట ఆ పలకలు జర్మనీదేశపు హనోవరు నగరమునకు పోయి, అచట ప్లేట్లుగా అచ్చుపడి తిరిగివచ్చుచుండెను. 1908లో కలకత్తాయందలి సియాల్దాలో కర్మాగారము వెలసెను.

పది అంగుళముల ప్లేటు ఒక ప్రక్క మూడు నిమిషములకు కొంచెము అటునిటుగా నడచును. పల్లవి, నెరవు, స్వరకల్పనలతో గంటసేపు సాగు కచేరీసంగీతమునకు ఆ కాలము చాలదు. క్షేత్రయ్య పదమునకును అది ఇరుకే. జావళికి మాత్రము అది కొలిచి కుట్టిన అంగీవలె సరిపోయెను. పాట చిన్నది, నడక చుఱుకైనది, రాగము వెంటనే మనస్సునకు పట్టునది. కావున తొలినాటి దక్షిణదేశపు ప్లేట్లపై జావళి యను మాట తఱచుగా కనబడుట ఆశ్చర్యము కాదు. వానిని పాడినవారు ఎక్కువగా దేవదాసీ కులమునకు చెందిన గాయనులు. ధర్మపురికి పొరుగుననే యున్న సేలముపేరు ఇంటిపేరుగా గల సేలం గోదావరి, మఱియు కోయంబత్తూరు తాయి ఆనాటి ప్లేట్లద్వారా ప్రసిద్ధి చెందిన గాయనులలో ముఖ్యులు.

ప్లేటు చేసిన మేలు గొప్పది. చేసిన హానియు గలదు. జావళికి పల్లవి, అనుపల్లవి, తఱచుగా మూడు చరణములు ఉండును. మూడు నిమిషములలో అన్నియు పాడుట సాధ్యము కాదు. ఒక చరణము పాడి ముగించుట అనివార్యమయ్యెను. వాగ్గేయకారుని ముద్ర తఱచుగా చివరి చరణమున ఉండును. ఆ చరణము పోయినచో ముద్రయు పోవును. ముద్ర పోయినచో ఊరును, రచయితయు పోవుదురు. తొలినాటి ఉత్తరదేశపు ప్లేట్ల చివర గౌహర్ జాన్ వంటి గాయని తన పేరును తానే పలుకుచుండెను. హనోవరు కర్మాగారమున పలకలను గుర్తించుటకు అది అవసరమైనదని చెప్పుదురు. పాడినవారి పేరు ప్లేటుపై నిలిచెను. పాట కట్టినవాని పేరు పలుకబడలేదు. ఈ విధముగా ధర్మపురి పాట దూరము పోయినకొలదియు ధర్మపురి పేరు వెనుకబడు ప్రమాదము ఏర్పడెను.

మఱియొక పరిమితియు గలదు. కొమ్ముబూర గట్టి కంఠమును పట్టెను గాని, మెల్లని నాదమును పట్టలేకపోయెను. ధనమ్మాళు వీణ మిక్కిలి మృదువైనది. ప్రక్కన కూర్చున్నవారికే వినబడునంత సున్నితముగా ఆమె వాయించుచుండెను. 1925 తరువాత విద్యుత్ మైక్రోఫోను వచ్చిన పిమ్మటనే, 1930వ దశకమున, వృద్ధాప్యమునందున్న ఆమె వీణానాదము కొలంబియా ప్లేట్లకు ఎక్కెను. అంతకు పూర్వము యంత్రము ఏ కంఠమును స్వీకరించెనో ఆ కంఠమే లోకమునకు దక్షిణదేశపు సంగీతమయ్యెను.

ఒక ప్లేటును ఒక రసికుడు పట్టుకొన్నచో అది ఎంతదూరము పోగలదో తెలుపుటకు కోయంబత్తూరు తాయి కథయే చాలును. ఫ్రాన్సుదేశపు సంగీతరచయిత మారిస్ డెలాజ్ 1912 ప్రాంతమున భారతదేశమునకు వచ్చి, ఆమె గానమునకు ముగ్ధుడై, ఆమె ప్లేటును ఆధారముగా గొని “రాగమాలిక” యను రచనను చేసెను. పియానో తీగ క్రింద అట్టముక్కను దూర్చి, ఆ నాదమును మన వాద్యముల నాదమునకు దగ్గఱ చేయ యత్నించెను. తన దేశమున కొలదిమందికే తెలిసిన ప్లేటు పారిసు నగరమున ఒక నూతన ప్రయోగమునకు మూలమయ్యెను. అచటను నిలిచినది ఒక వ్యక్తి యభిమానమే. ప్లేటు తనంతట తాను మాటలాడలేదు. దానిని ఎన్నుకొని పదిమందికి వినిపించువాడు కావలెను.

నిందాకాలము

జావళికి యంత్రము తోడైన కాలముననే సంఘము దానిపై కన్నెఱ్ఱ చేసెను. కందుకూరి వీరేశలింగము మొదలైన సంస్కర్తలు వేశ్యానృత్యములను ఖండించిరి. 1893లో చెన్నపట్టణపు హిందూ సంఘసంస్కరణసభవారు అట్టి వినోదములకు హాజరు కావలదని గవర్నరునకును వైస్రాయికిని విన్నపము పంపిరి. 1911లో ముద్దుపళని “రాధికా సాంత్వనము”ను బెంగుళూరు నాగరత్నమ్మ ప్రకటించినందులకు ప్రభుత్వము దానిని నిషేధించెను. టంగుటూరి ప్రకాశము ముఖ్యమంత్రియై యుండగా 1947లో ఆ నిషేధము తొలగెను. అదే సంవత్సరమున మద్రాసు శాసనసభ దేవదాసీ సమర్పణ నిషేధ చట్టమును చేసెను.

సంస్కర్తల ఉద్దేశము బాలికలను దుర్దశనుండి తప్పించుట; అందు తప్పులేదు. అయితే దోషము వ్యవస్థలో నుండగా, నింద పాటపైనను పడెను. స్త్రీ తన కోరికను తన నోట పలుకుట జావళి ప్రాణము. ఆ పలుకే అసభ్యమని కొందఱు తలచిరి. 1931లో మద్రాసు సంగీత అకాడమీ వేదికపై కల్యాణి కుమార్తెల నాట్యము జరిగినది మొదలు భరతనాట్యమునకు సభలలో గౌరవము తిరిగి లభించుచుండగా, శృంగారమును ఎంతవఱకు ఉంచవలెను, ఎంతవఱకు తీసివేయవలెను అను చర్చ తీవ్రమయ్యెను. శృంగారమే భరతనాట్యమునకు రాణియని బాలసరస్వతి పక్షము. దానిని భక్తిగా పరిశుద్ధము చేయవలెనని ఇతరుల పక్షము. జావళి ఈ రెండింటి నడుమ చిక్కుకొనెను.

రేడియో ప్రకటన

పాశ్చాత్యదేశములలో రేడియోయందు ప్లేట్లను ఎన్నుకొని, వానిని గూర్చి మాటలాడుచు వినిపించువాడొకడు ఏర్పడెను. 1935లో న్యూయార్కు నగరమున మార్టిన్ బ్లాక్ ఆ విధమున ప్రసిద్ధుడయ్యెను. అట్టివారికి “డిస్క్ జాకీ” యను పేరు రూఢియయ్యెను. ఎవ్వరికిని తెలియని నృత్యపు ప్లేటు ఒక్క వ్యక్తి యభిమానముచే దేశమంతట మ్రోగుట అచట సాధారణమయ్యెను. భారతదేశమున ఇట్టి ప్రభావము సిలోను రేడియోద్వారా కనబడెను. 1952లో కేంద్రమంత్రి బి. వి. కేస్కరు విధానమువలన ఆకాశవాణిలో సినిమాపాటలకు చోటు తగ్గగా శ్రోతలు సిలోనువైపు మఱలిరి. అమీన్ సయానీ “బినాకా గీతమాల” ఆ సంవత్సరముననే ఆరంభమయ్యెను. సిలోను రేడియో తెలుగు ప్రసారములలో మీనాక్షి పొన్నుదురై కంఠము తెలుగిండ్లకు చిరపరిచితమయ్యెను. శ్రోతలను కోల్పోవుచున్నట్లు గ్రహించి ఆకాశవాణి 1957లో “వివిధభారతి”ని స్థాపించెను.

జావళి విషయమున మాత్రము రేడియో పనిచేసిన తీరు వేఱు. దక్షిణదేశమున రేడియోకు ఆద్యులు 1924లో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బును స్థాపించిన సి. వి. కృష్ణస్వామి సెట్టి ప్రభృతులు. ధనాభావముచే ఆ క్లబ్బు 1927లో మూతపడగా, 1930లో మద్రాసు నగరసభ ఆ పనిని చేపట్టి, సముద్రతీరమున ధ్వనివర్ధకములనుంచి నగరవాసులకు సంగీతమును వినిపించెను. 1938 జూను 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రము ఆరంభమయ్యెను. అదే సంవత్సరము అక్టోబరులో ధనమ్మాళు కన్నుమూసెను. శుక్రవారపు సాయంకాలపు గానము ఆగిన సంవత్సరముననే, ఇంటింటికిని సాయంకాలపు గానమును పంపు సాధనము ప్రారంభమగుట యాదృచ్ఛికమే. అయినను ఆమె యింటి పాటలు ఆ సాధనమున స్థానమును పొందుట యాదృచ్ఛికము కాదు.

రేడియోకును అపవాదభయము లేకపోలేదు. 1946 ప్రాంతమున, సర్దారు వల్లభభాయి పటేలు సమాచార ప్రసారశాఖను నిర్వహించుచున్న కాలమున, స్వంతజీవితము లోకాపవాదమునకు గురియైనవారికి ప్రసారావకాశము ఇయ్యరాదను నియమము వెలువడెను. ఉత్తరదేశపు గాయనులలో పలువురికి అది గట్టి దెబ్బయయ్యెను. దక్షిణమున ధనమ్మాళు వంశము విద్వత్తుచేతను, సభల మన్ననచేతను నిలిచెను. బృంద, ముక్త సోదరీమణుల జంటగానము మద్రాసు కేంద్రమునుండి ప్రసారమగుచుండెను. ధనమ్మాళు మనుమడైన టి. శంకరన్ ఆకాశవాణిలో ఉద్యోగించి, పిమ్మట తన యింటి సంప్రదాయమును గూర్చియు, దేవదాసీ కళాకారిణులను గూర్చియు వ్యాసములు వ్రాసి, ఇతరులు మఱచిన పేర్లను నిలిపెను. ఇంటిపాఠము, రేడియో ఉద్యోగము, వ్రాత మూడును ఒకే వ్యక్తియందు కూడుట జావళికి లభించిన అదృష్టము.

రేడియో జావళికి చేసిన ప్రధానోపకారములు రెండు. మొదటిది కాలము. అరగంట కచేరిలో పాడు గాయనికి మూడు నిమిషముల నిర్బంధము లేదు. ప్లేటు వదలిన చరణములను ఆమె పాడవచ్చును. రెండవది ప్రకటన. పాటకు ముందు రాగమును, తాళమును, రచయిత పేరును చెప్పుట ఆకాశవాణి మర్యాద. “రచన ధర్మపురి సుబ్బరాయరు” అను మాట ఒక నిమిషమైన పట్టని చిన్న ప్రకటన. అయితే ప్లేటుపై చరణముతోబాటు జాఱిపోయిన ఊరును, పేరును ఆ ప్రకటన శ్రోత చెవిలో తిరిగి నిలిపెను. విమర్శకుని పొగడ్త లేదు, వ్యాపారి ప్రచారము లేదు. పేరు తెలియని ప్రకటనకర్త కాగితముపై నున్నది స్పష్టముగా చదివెను. ఒక పాటను నిలుపుటకు ఒక్కొక్కప్పుడు అంతియే చాలును.

ఆంధ్రదేశమున 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము ఆరంభమైన పిమ్మట ఈ పాటలకు మాతృభాషాప్రాంతమున కొత్త శ్రోతలు లభించిరి. ఆ కేంద్రపు కళాకారిణియైన శ్రీరంగం గోపాలరత్నము జావళీగానమునకు పేరొందెను. తెలుగు ఉచ్చారణము సహజముగా గల కంఠమున జావళి మాటల చమత్కారము తేటపడెను. ఆకాశవాణిలో జీవితమును గడపిన బాలాంత్రపు రజనీకాంతరావు “ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము”ను 1958లో ప్రకటించెను. 1961లో ఆ గ్రంథమునకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను. పాట కట్టినవారి చరిత్రను రేడియో ఉద్యోగి యొకడు వ్రాయుట గమనింపదగినది. ప్రతిదినము రచయితల పేర్లను ప్రకటింపవలసిన చోట పనిచేయువానికి, ఆ పేర్ల వెనుక నున్నవారెవ్వరను జిజ్ఞాస పుట్టుట సహజము. 1960లో మద్రాసు సంగీత అకాడమీ టి. బృంద స్వరపఱచిన జావళుల సంపుటమును ముద్రించెను. పట్నం సుబ్రహ్మణ్యయ్యరు, తిరుపతి నారాయణస్వామి రచనలతోబాటు సుబ్బరాయరు రచనలును అందు చేరినవి. గొంతున నిలిచిన పాట అప్పటికి పుస్తకమునకు ఎక్కెను.

మిగిలిన పని

పుస్తకము వచ్చినను ఆపద తీఱలేదు. జావళి సంగీతమున నిలిచినంతగా భాషయందు నిలువలేదు. దక్షిణదేశమున ఈ పాటలను నేర్చుకొనువారిలో పలువురు తమిళలిపిలో వ్రాసికొందురు. ఆ లిపిలో క, గ లకు ఒకే అక్షరము; త, ద లకు ఒకే అక్షరము; ప, బ లకు ఒకే అక్షరము. అక్షరముపై అంకెలు వేసి భేదమును చూపు పద్ధతి యున్నను, చేతివ్రాతలో ఆ అంకెలు తఱచుగా జాఱిపోవును. తెలుగెఱుగని నర్తకికి మాట యర్థము కొంత తెలిసినను, ఆ మాటలోని ఎత్తిపొడుపు, జాతీయము, నాయిక స్వరమునందలి ప్రాంతీయత తెలియుట దుర్లభము. ఆంగ్లలిపిలో నేర్చుకొను విదేశీయ విద్యార్థినులకు హ్రస్వదీర్ఘములును చిక్కే. జావళి మాటలాడు పాట. మాట చెడినచో మిగులునది బాణీ మాత్రమే.

రెండవ చిక్కు చరణములది. ప్లేటు నేర్పిన పొదుపు వేదికపైనను అలవాటయ్యెను. నాట్యసభలలో జావళికి కేటాయింపబడు కాలము కొలది. పల్లవి, అనుపల్లవి, ఒక చరణము పాడి ముగించుట నేడును సామాన్యము. రేడియో తిరిగి ఇచ్చినదానిని వేదిక మఱల వదలుచున్నది. కార్యక్రమపత్రములలో “జావళి, కాపి” అని మాత్రము అచ్చువేసి, రచయిత పేరు విడుచుటయు కలదు.

మూడవది, పాడిన స్త్రీల విషయము. తొలినాటి ప్లేట్లపై పేరు మాత్రము మిగిలి, జీవితము మిగులని గాయనులు పెక్కుమంది. సుబ్బరాయరు రచింపకున్నచో పాట లేదు. వారు పాడకున్నచో పాట నేటికి చేరదు. రచయితకు ముద్రయున్నది, గాయనికి ప్లేటుపై అచ్చుపడిన పేరున్నది. రెండింటిని ఒక్కచోట చేర్చి చెప్పు చరిత్ర మాత్రము తగినంతగా వ్రాయబడలేదు.

ఈ మూడు కొఱతలను తీర్చుటకు గొప్ప ధనము అవసరము లేదు. సుబ్బరాయరు జావళులన్నింటిని అన్ని చరణములతో, తెలుగులిపిలో, పాఠభేదములతో ఒక్క సంపుటముగా కూర్పవలెను. ప్రాత ప్లేట్లపై వినబడు పాఠమును, బృంద పాఠమును, ఆకాశవాణి భాండాగారములందలి ధ్వనిముద్రణలను ఒకదానితో నొకటి పోల్చవలెను. మాటల యర్థమును, జాతీయములను తమిళమునందును, ఆంగ్లమునందును వివరించినచో నాట్యాచార్యులకు ఉపయోగపడును. తమిళనాడునందలి తెలుగు సంఘములకు ఇది తగిన పని. సభలో జావళి జరుగునపుడు రచయిత పేరును, ఊరిని, తెలిసినచో పాఠమును నిలిపిన గాయని పేరును ప్రకటించుట అంతకంటెను సులభము. దానికి ఒక్క వాక్యము చాలును.

తగడూరు అదియమానును తమిళకవులు పాటలో నిలిపిరి. అదే ఊరిని పందొమ్మిదవ శతాబ్ది చివర ఒక తెలుగు వాగ్గేయకారుడు మఱల పాటలో నిలిపెను. మొదటిదానిని పండితులు గ్రంథములలో కాపాడిరి. రెండవదానిని ఒక వీణాగాయని యిల్లు, కొందఱు పేదగాయనుల ప్లేట్లు, ఆకాశవాణి ప్రకటనలు కాపాడినవి. వీనిలో ఏ యొక్కటి లోపించినను “ధర్మపురి” యను మాట జావళి చివర వినబడక పోయెడిది. అది వినబడుచున్నంతకాలము ఆ సీమయందలి తెలుగునకు సాక్ష్యము నిలిచియుండును.